రేగడి గుణం చేలోనే తేలాలి

సాయిల్ హెల్త్ కార్డు ఈపాటికి మీ చేతికి వచ్చే ఉంటుంది. 2015లో మొదలైన ఆ పథకం కింద 12 అంశాలు కొలిచి ఇస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాల స్థాయి, సేంద్రియ కర్బనం. ఇవన్నీ తెలుసుకోవాల్సినవే. కానీ గట్టు పంచుకున్న రెండు రేగడి చేల కార్డులు ఇంచుమించు ఒకేలా ఉన్నా, వాన వెలిశాక ఒక చేలో నీరు ఇంకుతుంది, రెండో చేలో నిలిచిపోయి పత్తి పసుపు బారుతుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో కార్డులో ఏ గడిలోనూ కనపడదు.

కనపడకపోవడానికి కారణం ఉంది. ల్యాబులో మట్టిని ఆరబెట్టి, దంచి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాకే పరీక్ష మొదలవుతుంది. కూల్చిన ఇంటి ఇటుకలు పంపించి ఆ ఇంట్లో ఎన్ని గదులున్నాయో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? నేలలో మట్టి రేణువులు ఎలా జతకూడి ఉన్నాయి, వాటి మధ్య గాలికీ నీటికీ వేరుకూ ఎంత దారి ఉంది అన్నది నేల నిర్మాణం. అది సంచిలో ప్రయాణం చేయదు. దాన్ని చేలోనే, నేల మీద కూర్చునే కొలవాలి. ఆ పని మీకంటే బాగా చేయగలవాళ్లు లేరు. ఈ అధ్యాయం అందుకు కావలసిన పద్ధతి చెబుతుంది.

మారేదేది, మారనిదేది

బంకమట్టి రేణువు 0.002 మి.మీ. కంటే చిన్నది. మీ నేలలో బంక ఎంత, ఇసుక ఎంత అన్నది మీ తాతల నాటి నుంచి ఉన్నదే, మీ మనవల నాటికీ అదే ఉంటుంది. దాన్ని ఒక్కసారి చూసుకుంటే చాలు. గుప్పెడు మట్టిని తడిపి మెత్తగా పిసికి, బొటనవేలితో చూపుడువేలి మీదుగా పట్టీలా ముందుకు నెట్టండి. తెగకుండా 5 సెం.మీ. దాటి సాగితే అది బంకనేలే.

ఆ రేణువులు ఎలా జతకూడాయన్నది మాత్రం ఒక్క తడి దుక్కితో చెడుతుంది, కొన్నేళ్ల మంచి సేద్యంతో బాగుపడుతుంది. మీ చేతిలో ఉన్నది అదే కాబట్టి కొలవాల్సిందీ అదే.

నల్లరేగడి విషయంలో ఒక చిక్కు ఉంది. అందులోని బంక తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. వేసవిలో నెర్రెలు విచ్చిన నేలే శ్రావణంలో నెర్రెలన్నీ పూడి ఒకే ముద్దవుతుంది. అందుకే ఎర్రచెలకలో పనికొచ్చే కొలతలు ఇక్కడ యథాతథంగా పనికిరావు. ఒకే చేను జూన్‌లో ఒక అంకె, సెప్టెంబరులో ఇంకో అంకె చూపిస్తుంది, రెండూ నిజమే. రేగడిని కొలిచేవాళ్లు మొదట నేర్చుకోవాల్సిన సూత్రం ఇదే: ఏ అంకె రాసినా దాని పక్కన ఆనాటి పదును రాయాలి. పదును లేని అంకెను ఏ అంకెతోనూ పోల్చలేం.

మొదటి మెట్టు: పదును చూడటం

పదును తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. పరీక్ష చేయబోయే లోతు నుంచి చిటికెడు మట్టి తీసి, అరచేతుల మధ్య పురికొసలా చుట్టండి. 3 మి.మీ. మందానికి వచ్చినా విరగకుండా సాగుతుంటే నేల ఇంకా పచ్చిగా ఉన్నట్టు. ఆ మందానికి రాబోతూ పగిలి ముక్కలైతే పరీక్షకు సరైన పదును. అసలు చుట్టడానికే రాకుండా పొడిపొడిగా రాలితే మరీ ఆరిపోయినట్టు.

ఈ పురి పరీక్ష ఇంజినీర్లు వాడే లెక్కే. మట్టి ముద్దలా సాగే స్థితి నుంచి పొడిగా విరిగే స్థితికి మారే హద్దును అది పట్టిస్తుంది. దుక్కికీ అదే హద్దు. పురి సాగుతున్నంతసేపూ ట్రాక్టరు చేలోకి దిగకూడదు. ఈ ఒక్క అలవాటు పట్టుబడినా ఈ అధ్యాయం చదివిన శ్రమ దక్కినట్టే.

వానాధార చేలకు రెండు సమయాలు అనువైనవి. ఖరీఫ్‌లో నేల నిండుగా తడిసి, తెరపిచ్చి, పదునుకొచ్చిన రోజు ఒకటి. శనగ, జొన్న వంటి రబీ పంటలు విత్తే ముందు రెండోది. ఏది ఎంచుకున్నా ఏటా అదే సమయానికి కట్టుబడండి.

రెండో మెట్టు: దిమ్మ తీసి చూడటం

అన్ని కొలతల్లోకీ ఎక్కువ చెప్పేది ఇదే. నెదర్లాండ్స్‌లో పీర్ల్‌క్యాంప్ అనే శాస్త్రవేత్త 1959లో ఇచ్చిన పద్ధతిని, స్కాట్లాండ్‌కు చెందిన బ్రూస్ బాల్ బృందం 2007లో రైతు కూడా చేయగలిగేలా తీర్చిదిద్దింది. 2011లో దాన్ని మరోసారి సవరించారు. నేలకు 1 నుంచి 5 వరకు మార్కులు వేయడం ఈ పద్ధతి. 1 అంటే అన్నింటికంటే మంచిది, 5 అంటే అన్నింటికంటే చెడ్డది.

చేలో మూడు చోట్లు ఎంచుకోండి. పైరు బాగున్న చోటు ఒకటి, బాగులేని చోటు ఒకటి, మధ్యస్థంగా ఉన్నది ఒకటి. నాలుగోది తప్పనిసరిగా గట్టు మీద, ఏళ్ల తరబడి నాగలి తగలని, గడ్డి మొలిచిన చోట ఉండాలి. అదే మట్టి, దున్నకుండా వదిలితే ఎలా ఉండేదో గట్టు చూపిస్తుంది. పుస్తకాల్లోని ఏ ప్రమాణం కంటే మీ గట్టే మీ చేనుకు నికరమైన కొలబద్ద.

గడ్డపార, పార పట్టుకుని మూరెడు వెడల్పు, అంతే లోతున గుంత తీయండి. దాని ఒక గోడను మాత్రం ముట్టకుండా వదలండి. ఆ గోడ నుంచి జానెడు వెడల్పు, 10 నుంచి 15 సెం.మీ. మందం, 25 సెం.మీ. లోతున్న దిమ్మను కోసి తీయాలి. మన పార వంపుగా ఉంటుంది కాబట్టి దిమ్మ చెదురుతుంది. తిన్నని అలుగున్న స్పేడ్ దొరికితే మేలు, లేదంటే పొడవాటి కత్తితో మూడు వైపులా గాటు పెట్టి కిందనుంచి ఎత్తండి. బంకమట్టి మీద ఇనుము జారిన చోటల్లా నున్నగా మెరుగు పట్టేస్తుంది. ఆ మెరుపు పనిముట్టుది, నేలది కాదు. అటువైపు చూసి మార్కులు వేయకండి.

దిమ్మను గోనెపట్టా మీద పడుకోబెట్టి పైనుంచి కిందికి చూడండి. ఎక్కడ మట్టి తీరు మారిందో అక్కడ గీత గీయండి. తర్వాత రెండు చేతులతో మెల్లగా విప్పండి. నలపకూడదు, సహజంగా ఎక్కడ విడిపోతుందో అక్కడే విడిపోనివ్వాలి. ఇప్పుడు మార్కులు.

1: వేళ్లతో తాకితే చాలు, విడిపోతుంది. ముక్కలు చాలావరకు 6 మి.మీ. లోపే, గుండ్రంగా ఉంటాయి. వేళ్లు అంతటా అల్లుకుని ఉంటాయి.

2: ఒక చేత్తో సులువుగా విరుగుతుంది. చిన్నవీ, 7 సెం.మీ. దాకా ఉన్న పెద్దవీ కలిసి ఉంటాయి. ముక్కల లోపల కూడా వేళ్లుంటాయి.

3: చాలా పెళ్లలు ఒక చేత్తోనే విరుగుతాయి, కానీ 10 సెం.మీ. సైజువీ కనిపిస్తాయి. కొన్నింటికి అంచులు కోసుగా ఉంటాయి.

4: ఒక చేత్తో విరవాలంటే బాగా బలం పెట్టాలి. చాలావరకు 10 సెం.మీ. మించిన పెళ్లలే. వేళ్లు పెళ్ల లోపలికి పోలేక దాని చుట్టూ, పగుళ్లలో గుంపుగా పాకి ఉంటాయి.

5: విరవడమే కష్టం. రంధ్రాలు దాదాపు ఉండవు. ఉన్న నాలుగు వేళ్లూ పగుళ్లకే పరిమితం. గాలాడక మట్టి నీలి బూడిద రంగుకు తిరిగి, మురుగు వాసన కూడా రావచ్చు.

పెళ్ల లోపలి సంగతి తేలకపోతే దాన్నుంచి 2 సెం.మీ. ముక్క విరిచి చూడండి. విరిగిన ముఖం గరుకుగా, సన్నని రంధ్రాలతో ఉంటే మేలు. కోసినట్టు పదునైన అంచులతో, చదునుగా ఉంటే ఆ నేల అదిమివేయబడినట్టు.

దిమ్మలో రెండు పొరలుంటే ఒక్కోదానికి వేరుగా మార్కు వేసి, మందంతో గుణించి కలపాలి. ఉదాహరణకు పై 10 సెం.మీ.కి 2 మార్కులు, కింది 15 సెం.మీ.కి 4 మార్కులు వచ్చాయనుకుందాం. 10 × 2 = 20, 15 × 4 = 60. మొత్తం 80ని 25తో భాగిస్తే 3.2. మూడు లోపు ఉంటే నేల బాగున్నట్టు, మూడు దాటితే సేద్యంలో మార్పు అవసరమైనట్టు. సగటు మాత్రమే రాసి ఊరుకోకండి. కింది పొర ఎంత లోతున మొదలైందో కూడా రాయండి. మీరు చేయాల్సిన పనిని నిర్ణయించేది ఆ లోతే.

ఇక్కడ రేగడికే ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. అర మీటరు, ఇంకా లోతుకు తవ్వితే ఏటవాలుగా, నున్నగా, గీతలు పడి మెరిసే పలకలు కనిపిస్తాయి. మట్టి ఉబ్బినప్పుడు ఒకదాని మీద ఒకటి రాసుకుని ఏర్పడిన పలకలవి. రేగడికి అది పుట్టుకతో వచ్చిన లక్షణం, జబ్బు కాదు. 10 నుంచి 20 సెం.మీ. లోతులో, నేలకు సమాంతరంగా, పళ్లెంలా పరచుకున్న గట్టిపొర మాత్రం పనిముట్లూ చక్రాలూ చేసినది. మొదటిదాన్ని చూసి కంగారుపడకండి, రెండోదాన్ని చూసి నిర్లక్ష్యం చేయకండి.

మూడో మెట్టు: నీళ్ల గిన్నె పరీక్ష

శనగ గింజంత మట్టి పలుకులు నాలుగైదు తీసి నీడలో ఆరబెట్టండి. తెల్లటి గిన్నెలో వాననీళ్లు గానీ, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ పోసి, పలుకులను మెల్లగా జారవిడవండి. బోరునీళ్లు వద్దు, వాటిలోని లవణాలు ఫలితాన్ని దాచేస్తాయి. కదపకుండా 10 నిమిషాలకు, 2 గంటలకు, మర్నాడు ఒకసారి చూడండి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఎమర్సన్ 1967లో వర్గీకరించిన పరీక్షకు ఇది ఇంటి రూపం.

పలుకు విడిపోయి చిన్న ముక్కలుగా రాలి, నీళ్లు తేటగానే ఉంటే, తడిసిన వేగానికి అది తట్టుకోలేకపోయిందని అర్థం. సేంద్రియ పదార్థం పెరిగితే తట్టుకునే శక్తి పెరుగుతుంది. రేగడిలో కొంత రాలడం మామూలే. సన్నని పలుకులుగా రాలితే భయం లేదు.

పలుకు చుట్టూ పాలలాంటి తెల్లటి మబ్బు కమ్మితే మాత్రం సంగతి వేరు. బంక రేణువులు ఒకదాన్నొకటి విడిచిపెట్టి నీటిలో తేలిపోతున్నాయి. ఇది తరచుగా సోడియం ఎక్కువైందనడానికి గుర్తు. అలాంటి నేల వానకు ముద్దై, ఎండకు అట్టకట్టి మొలకను పైకి రానివ్వదు. అప్పుడు ఆ మట్టిని ల్యాబుకు పంపి మార్పిడి సోడియం శాతం అడగండి. 15 దాటితే చవుడు అన్నది పాత అమెరికా లెక్క. ఆస్ట్రేలియాలో 6 నుంచే జాగ్రత్త పడతారు, ఉబ్బే బంకనేలలు తక్కువ సోడియానికే చెడతాయి కాబట్టి. జిప్సం ఎంత వేయాలో ఆ ఫలితం చూసే నిర్ణయించాలి, అంచనాతో కాదు.

మొదటి గిన్నెలో మబ్బు రాకపోతే ఇంకో గిన్నె పెట్టండి. ఈసారి పదునుమట్టిని బాగా పిసికి చిన్న ఉండ చేసి వేయండి. ముట్టని పలుకుకు రాని మబ్బు పిసికిన ఉండకు వస్తే, నేల తనంతట తాను నిలబడుతోంది, తడిలో తొక్కితే మాత్రం కుప్పకూలుతుందని తేలినట్టే. పచ్చి నేలలో రోటవేటర్ తిప్పితే ఏం జరుగుతుందో రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాలుగో మెట్టు: బరువు తూచడం

ఇనుప గొట్టం ముక్క ఒకటి తీసుకుని ఒక అంచు పదును పెట్టించండి. లోపలి వ్యాసం 7 సెం.మీ., ఎత్తు 8 సెం.మీ. ఉంటే అందులో పట్టే మట్టి 308 ఘనపు సెం.మీ. గొట్టం మీద చెక్క పెట్టి నిదానంగా నేలలోకి దించండి. గొట్టం లోపలి మట్టి మట్టం బయటి నేల కంటే కిందికి దిగితే మట్టి నలిగినట్టే, ఇంకోచోట మళ్లీ తీయాలి. తీసిన మట్టి అంచులు సరిచేసి తూచండి. 105 డిగ్రీల వేడిలో 24 గంటలు ఆరబెట్టి మళ్లీ తూచండి. ఓవెన్ మీ దగ్గర లేకపోతే గాలి పోని సంచిలో మూట కట్టి కృషి విజ్ఞాన కేంద్రంలోనో భూసార పరీక్షా కేంద్రంలోనో ఆరబెట్టి ఇవ్వమని అడగండి.

తడి బరువు 500 గ్రాములు, ఆరిన బరువు 385 గ్రాములు అనుకుందాం. 385ని 308తో భాగిస్తే 1.25. ఇది ఘనపు సెం.మీ.కి ఎన్ని గ్రాములో చెప్పే సాంద్రత. పోయిన నీరు 115 గ్రాములు, దాన్ని 385తో భాగిస్తే తేమ దాదాపు 30 శాతం. రెండు అంకెలూ కలిపే రాయాలి. బంక బాగా ఉన్న నేలలో సాంద్రత 1.47 దాటితే వేరు సాగడానికి ఆటంకమని అమెరికా వ్యవసాయ శాఖ మార్గదర్శకం. కానీ ఆరి ముడుచుకున్న రేగడి గడ్డ అంతకంటే చాలా ఎక్కువ చూపిస్తుంది. ఎండాకాలం తీసిన అంకె పట్టుకుని నేల పాడైందనడం, నిండు తడిలో తీసిన అంకె చూసి నేల గుల్లగా ఉందనడం, రెండూ తప్పుదారులే.

అయిదో మెట్టు: నెర్రెలు, ఇంకుడు

నేల ఆరాక సాళ్లకు ఏటవాలుగా 10 మీటర్ల తాడు పరవండి. సాళ్ల వెంట పరిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే నెర్రెలు తరచుగా సాలు మధ్యనే విచ్చుతాయి. తాడును దాటే ప్రతి నెర్రె వెడల్పు కొలవండి, సన్నని ఇనుప తీగ దించి లోతు చూడండి. దగ్గరదగ్గరగా సన్నని నెర్రెలు ఎక్కువ ఉంటే నిర్మాణం బాగున్నట్టు. అరుదుగా, వెడల్పుగా విచ్చి, మధ్యలో బండల్లాంటి పెళ్లలు మిగిలితే బలహీనపడినట్టు.

ఇంకుడు చూడటానికి 15 సెం.మీ. వ్యాసమున్న రింగును 7 సెం.మీ. లోతుకు దించి, 440 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. అది 25 మి.మీ. వానకు సమానం. మొదటిసారి పోసింది నేలను తడపడానికే. రెండోసారి పోసిన నీళ్లు ఇంకడానికి పట్టిన సమయాన్నే రాయండి. నెర్రెలున్న రోజు ఈ పరీక్ష చేయకండి, నీళ్లు నెర్రెల్లోకి జారిపోతాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రంలో రేగడి మొదటి అరగంటలో గంటకు 70 మి.మీ. పైచిలుకు వేగంతో నీరు తాగి, రోజుల తరబడి తడిసి ఉబ్బాక గంటకు మిల్లీమీటరులో అయిదో వంతుకు పడిపోయిందని కొలిచి చూపారు. రేగడి స్వభావమే అంత. కాబట్టి మీ చేను అంకెను ఎర్రనేల అంకెతో కాక మీ గట్టు అంకెతో పోల్చండి.

అంకెలు పనిగా మారాలి

10 నుంచి 20 సెం.మీ. మధ్య గట్టిపొర తేలితే లోతు దుక్కి గురించి ఆలోచించవచ్చు. అదీ వేసవిలో, ఆ లోతు వరకు నేల ఆరిన తర్వాతే. పొడినేల పగులుతుంది, పచ్చినేల నున్నగా కోసుకుపోయి ఇంకో గట్టిపొర తయారవుతుంది. పగిలిన దారిని నిలబెట్టేవి వేళ్లు. కంది, ఆముదం వంటి లోతు వేరు పంటలు అందుకు తోడు. జనుము, జీలుగ కలియదున్నడం, పశువుల ఎరువు వేయడం పలుకు బలాన్ని పెంచుతాయి. చేలో బండ్లూ ట్రాక్టరూ తిరిగే దారులు ఏటా ఒకటే ఉండేలా చూసుకోండి. ఇక్రిశాట్ రేగడికి రూపొందించిన వెడల్పు మడి, కాలువ పద్ధతిలో 150 సెం.మీ.కి ఒక కాలువ వస్తుంది. తొక్కిడి కాలువలకే పరిమితం కావడంతో మడి గుల్లగా మిగులుతుంది. అలాంటి చేలో మడికీ కాలువకూ మార్కులు వేరుగా వేయాలి.

కృష్ణా, గోదావరి డెల్టాల మాగాణి లెక్క వేరు. దమ్ము చేయడమంటేనే నీరు ఇంకకుండా నిర్మాణాన్ని కావాలని చెరపడం. వరి ఉండగా ఆ నేలకు మార్కులు వేయడంలో అర్థం లేదు. కోతల ముందు వరిలో చల్లిన మినుము, పెసర మొలిచాక వేరు ఎంత లోతుకు దిగిందో చూడండి. అక్కడ అడగాల్సిన ప్రశ్న అదే.

ఈ సీజన్‌కు మీ పని

ఒక నోటుపుస్తకం దీనికే కేటాయించండి. ప్రతి పరీక్షకు ఇవి రాయండి: తేదీ, చేను, గుంత ఉన్న చోటు, వాన పడి ఎన్నాళ్లయింది, పురి పరీక్ష ఫలితం, పొరల లోతులు, వాటి మార్కులు, వేళ్లు దిగిన లోతు, గిన్నెల ఫలితం. దిమ్మ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. అన్ని పరీక్షలూ మొదటి ఏడాదే చేయాలని లేదు. పురి, దిమ్మ, గిన్నె, ఈ మూడూ ఏటా చేస్తే చాలు. మిగిలినవి అనుమానం వచ్చినప్పుడు.

నేల గురించి మన జ్ఞాపకం ఆ ఏటి దిగుబడిని బట్టి, ధరను బట్టి రంగు మారుతుంటుంది. రాసుకున్న అంకె మారదు. అందుకే మార్పు తలపెట్టినప్పుడు ఒకేసారి మూడు మార్పులు చేయకండి, ఏది పనిచేసిందో తేలదు. ఒక్కటి మార్చండి, చేలో నాలుగు సాళ్ల మేర పాత పద్ధతిలోనే వదిలేయండి. వచ్చే ఏడు అదే పదునులో రెండు చోట్లా దిమ్మ తీయండి. కొత్త పద్ధతి కింద 4 ఉన్నది 3కు దిగి, పాత సాళ్లలో 4గానే ఉంటే, ఆ మార్పును మిగతా చేనుకు ధైర్యంగా విస్తరించండి. రెండు చోట్లా ఒకే అంకె వస్తే ఆ ఖర్చు ఆపి ఇంకో మార్గం పట్టండి. ఎవరి మాట మీదా ఆధారపడకుండా మీ నేల గురించి మీరే నిర్ణయం తీసుకునే స్థితి అది.